మా రోజుల్లో స్ట్రెస్సు లేదు, గుండెపోటే

పొద్దున్న తొమ్మిదిన్నరకి మా మనవరాలి ఫోను టింగుమంటుంది. వాళ్ళ కంపెనీ ఆప్‌ట. తెరిస్తే వరసగా అయిదు మొహాలు కనపడతాయి, ఎర్రగా ఏడుస్తున్నదాని దగ్గర్నుంచి ఆకుపచ్చగా ఇకిలిస్తున్నదాని దాకా. కింద ఒక ప్రశ్న: ఇవాళ మీకెలా ఉంది? రాత్రి రెండింటి దాకా అమెరికా వాళ్ళతో మాట్లాడి కళ్ళు చింతనిప్పుల్లా చేసుకున్న పిల్ల, సగం నిద్రలోనే ఆకుపచ్చ మొహం మీద వేలు పెట్టి, ఫోను పక్కన పడేసి, మళ్ళీ దుప్పటి ముసుగేస్తుంది.

"ఏమిటే అమ్మాయ్ ఇది?" అన్నాను. "ఉద్యోగుల క్షేమం తాతయ్యా" అంది ముసుగులోంచే.

క్షేమం! ఉత్తరాల్లో ఉభయకుశలోపరి అని రాసుకునేవాళ్ళం గానీ, గుమాస్తా క్షేమం ఆఫీసరు కనుక్కోవడం ఎక్కడైనా విన్నామా? 1968లో చేరి ముప్ఫై ఆరేళ్ళు ట్రెజరీలో చాకిరీ చేశాను. అన్నేళ్ళలో ఆఫీసర్లు నన్నడిగిన కుశలప్రశ్న ఒకటే: "ఏమయ్యా, ఆ బిల్లు పాసయిందా?" అయిందంటే నేను బాగున్నట్టు, కాలేదంటే బాగులేనట్టు. అయిదు మొహాలు అక్కర్లేకుండానే సర్వీసు గడిచిపోయింది.

అసలు ఈ స్ట్రెస్సు అన్న మాటే మాకు తెలీదు నాయనా. మాకు బెంగ ఉండేది. దిగులు ఉండేది. చికాకు, విసుగు, గుబులు, గాభరా, కడుపుమంట, ఇవన్నీ పోపులడబ్బాలో గిన్నెల్లా వేటికవి విడివిడిగా ఉండేవి. వేటి మందు వాటికి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఇంటి మీద బెంగ పెట్టుకుంటే శనివారం మధ్యాహ్నమే వదిలేసి ఊరి బస్సెక్కించేవాళ్ళం. గాభరాకి మంచినీళ్ళు. చికాకుకి ఎదురు హోటల్లో పెసరట్టు. గుబులుకి ఇంట్లో ఆడవాళ్ళు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేవారు. కడుపుమంట ఒక్కదానికే మందు లేదు, అది పక్కసీటు వాడికి ప్రమోషనొస్తే వచ్చేది గనక. ఇప్పుడో, అన్నిటినీ ఒకే కుక్కర్లో పడేసి ఒకటే విజిలు. ఏ గింజ ఉడికిందో ఏది మాడిందో మూత తీసేదాకా తెలీదు.

ఈ మాట అనే నేను ఇరుక్కున్నాను. మా మనవరాలికి తమ్ముడు ఒకడున్నాడు, యూనివర్సిటీలో సైకాలజీ ఎం.ఏ. మా రోజుల్లో డిగ్రీ అయ్యాక సర్వీస్ కమిషన్ పరీక్ష రాసేవాళ్ళు, ఇప్పుడు మనుషుల బుర్రల్లోకి తొంగిచూస్తున్నారు. సంక్రాంతికి వచ్చినవాడు పులిహోర తింటూ నాకు పాఠం మొదలెట్టాడు. స్ట్రెస్ అనేది ఇంజినీర్ల మాటట, ఇనప దూలం మీద బరువు పడితే లోపల ఏమవుతుందో లెక్కకట్టడానికి వాడేవారట. హాన్స్ సెల్యే అని ఒక డాక్టరు కెనడాలో మాంట్రియల్లో ఎలకలకి సూదులు పొడిచేవాడు. ఏం పొడిచినా, చలిలో పెట్టినా, పరుగులు పెట్టించినా ఎలకల ఒంట్లో ఒకే రకం తేడా: కడుపులో పుండ్లు, అడ్రినల్ గ్రంథుల వాపు. దాని మీద 1936లో నేచర్ పత్రికలో చిన్న వ్యాసం రాశాడు. తరవాత్తరవాత ఆ ఇంజినీర్ల మాట ఎరువు తెచ్చి దీనికి తగిలించాడు.

"అంటే ఎలకల జబ్బు మీకంటించారన్నమాట" అన్నాను. వాడు నవ్వి, ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాడు. ఆ సెల్యే గారికి సిగరెట్టు కంపెనీలు డబ్బిచ్చేవట, గుండెకి చేటు చేసేది పొగ కాదు ఒత్తిడేనని పెద్దమనిషి చేత అనిపించుకోవడానికి. కంపెనీల పాత కాగితాలు బయటపడ్డాక తెలిసిందట. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ పూట ఇంకో గరిటెడు పులిహోర వేయించుకున్నాను.

సంతోషం ఎంతసేపు! భోజనాలయ్యాక వాడు సంచీలోంచి కాగితాలు తీశాడు. ఉద్యోగంలో ఒత్తిడి కొలిచే ప్రశ్నపత్రమట. మన దేశందే, వారణాసిలో శ్రీవాస్తవ, సింగ్ అని ఇద్దరు 1981లో తయారుచేశారు. మొత్తం 46 వాక్యాలు, ఒక్కోదానికి పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అస్సలు ఒప్పుకోను దాకా అయిదు జవాబులు. పనిభారం ఎక్కువా, ఎవరి మాట వినాలో తెలీక నలిగారా, చేతిలో అధికారం ఉందా, హోదా తక్కువని బాధపడ్డారా, అన్నిటికీ గళ్ళున్నాయి. రాజకీయాల వాళ్ళ ఒత్తిళ్ళకి కూడా ఒక వరస. అది చూసి మాత్రం, ఇది రాసినవాళ్ళు మన ఆఫీసుల వరండాల్లో తిరిగినవాళ్ళేనని ఒప్పుకున్నాను. 1981లో నేను బల్ల వెనక గుట్టలకొద్దీ బిల్లుల మధ్య మునిగి ఉన్నాను. అప్పుడెవరూ అడగలేదు. రిటైరయి ఇరవై ఏళ్ళు దాటాక మనవడొచ్చి అడుగుతున్నాడు, ఆ సీటు తలుచుకుని చెప్పు తాతయ్యా అని.

అన్నిటికీ దర్జాగా "అస్సలు ఒప్పుకోను" కొట్టించుకుంటూ పోతున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు: "రాసుకో నాయనా, నేను చెప్తాను. మార్చి నెలొస్తే నిద్దట్లో టోకెను నంబర్లు పలవరించేవారు. నాలుగు వందల పన్నెండూ, నాలుగు వందల పన్నెండూ అని."

"అది పనిభారం కాదు, శ్రద్ధ" అన్నాను.

"ఆఫీసులో పడ్డ అక్షింతలన్నీ తెచ్చి నా నెత్తిన చల్లేవారు. అది ఏ గడిలో రాయాలో మీ ప్రొఫెసర్ని అడుగు."

మనవడు నిజంగానే రాసుకున్నాడు. ఆఫీసు చికాకు ఇల్లు చేరి ఇంట్లోవాళ్ళకి అంటుకోవడం మీద కూడా పరిశోధనలున్నాయట. ఉంటాయి. ఈ కాలంలో దేని మీద లేవు?

మార్చి సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మీకు నెలకోసారి డెడ్‌లైన్‌ట, దానికే గోళ్ళు కొరుక్కుంటారు. మాకు ఏడాదికి ఒకే ఒక్క రాత్రి, మార్చి 31. ఆ రాత్రి పన్నెండు దాటితే బడ్జెట్టు మురిగిపోతుంది. జిల్లాలో ఉన్న ప్రతి శాఖ వాడికీ ఏడాదంతా గుర్తురాని ఖర్చు ఆ సాయంత్రమే గుర్తొచ్చేది. బిల్లు పుచ్చుకుని ఇత్తడి టోకెను ఇవ్వాలి, రిజిస్టర్లో ఎక్కించాలి, తప్పుంటే ఆబ్జెక్షను రాయాలి. ఆబ్జెక్షను రాస్తే అవతలివాడు ఏడుస్తాడు, రాయకపోతే ఆడిట్ పార్టీ మనల్ని ఏడిపిస్తుంది. కరెంటు పోతే పెట్రోమాక్సు. పదకొండింటికి ఎదురు హోటలు వాడు ఉప్మా పంపించేవాడు. ఎవరికీ స్ట్రెస్సు లేదు, అరుపులు మాత్రమే ఉండేవి. ఒక ఏడాది అకౌంటెంటు గారు పెన్ను విసిరికొడితే గోడ మీద పడ్డ ఆ సిరా మరక నేను రిటైరయ్యేదాకా అలాగే ఉంది. సున్నం వేయడానికి శాంక్షను రాలేదు.

ఎక్కడున్నాను? ఆఁ, మనవడి దగ్గర. వాడు పోతూ పోతూ నా బల్ల మీద ఒక పుస్తకం వదిలేసి పోయాడు. ఎగతాళి చేద్దామని తెరిచాను. అందులో లండన్ గుమాస్తాల కథ ఉంది. ఇంగ్లండులో ప్రభుత్వ కార్యాలయాలుండే వీధి పేరు వైట్‌హాల్. 1967 నుంచి అక్కడి మగ ఉద్యోగుల్ని, పద్దెనిమిది వేల మంది దాకా, పరీక్షలు చేసి ఏళ్ళ తరబడి లెక్కలు రాస్తూ వచ్చారు. ఆ లెక్కల్ని బయటపెట్టినవాళ్ళలో ముఖ్యుడు మైకేల్ మార్మట్. లోకం అనుకునేదేమిటి? పెద్ద కుర్చీలో ఉన్నవాడికి పెద్ద బాధ్యత, పెద్ద బాధ్యతకి పెద్ద బీపీ, కనక ముందుపోయేది పెద్దాయనే అని. లెక్క తిరగబడింది. అందరికంటే పైమెట్టు మీదున్న అధికారులతో పోలిస్తే అట్టడుగున ఉన్న బంట్రోతులూ, తలుపు దగ్గర కాపలావాళ్ళూ మూడింతలు పోతున్నారు. మధ్యలో ఉన్న గుమాస్తాలు మధ్యలోనే. మెట్టు దిగేకొద్దీ ఆయుష్షు దిగింది.

అది చదివి పుస్తకం మూసేశాను. కాఫీ చల్లారిపోయింది.

మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. ఆఫీసరు గది బయట స్టూలు మీద అతని ఉద్యోగం. ఫైలు మొయ్యడం కాదు అసలు పని, బెల్లు కోసం చెవి రిక్కించి ఉండటం. మా ఆఫీసరొకాయన నిమిషానికోసారి కొట్టేవాడు ఆ బెల్లు. ఫ్యాను వెయ్యి. ఫ్యాను తియ్యి. కిటికీ తియ్యి. సూపరింటెండెంటుని పిలు. వద్దులే, పిలవకు. క్యారేజీ విప్పి ముద్ద నోట్లో పెట్టుకోబోతే బెల్లు మోగేది. ఆ ఆఫీసరు మాతో ఎప్పుడూ అనేవాడు, "మీకేమయ్యా, టెన్షనంతా నాది" అని. ఆయన ఎనభై ఎనిమిదేళ్ళు బతికాడు. చివరిదాకా పొద్దున్నే చేతికర్ర ఊపుకుంటూ కాలవగట్టు మీద షికారు. అటెండరు మటుకు నలభై ఏడో ఏట, 1993లో, సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. మేమంతా ఏకగ్రీవంగా తీర్మానించాం: బీడీలు ఎక్కువ కాల్చేవాడు పాపం.

లండన్ వాళ్ళు ఆ దారి కూడా మూసేశారు. పొగ, రక్తపోటు, కొవ్వు అన్నీ లెక్కలోకి తీసుకుని చూశారట. అయినా మెట్ల మధ్య తేడా చాలావరకు అలాగే మిగిలింది. 1985లో మళ్ళీ కొత్తగా, ఈసారి ఆడవాళ్ళని కూడా కలుపుకుని 10,308 మందితో రెండో సర్వే మొదలెట్టారు. పని ఎప్పుడు చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్నది మీ చేతిలో ఎంతవరకు ఉందని అడిగారు. చేతిలో లేనివాళ్ళకి గుండెజబ్బు ఎక్కువని 1997లో తేల్చారు. అంతకుముందే, 1979లో, రాబర్ట్ కారసెక్ అనే అమెరికా ఆయన ఇంచుమించు ఇదే చెప్పాడు: పని ఎక్కువుండటం ఒక్కటే కాదు, పని ఎక్కువై, దాని మీద మన పెత్తనం లేకపోతే అప్పుడు మనిషి నలుగుతాడు అని. ఆఫీసరు చేతిలో బెల్లు ఉంది. అటెండరు చేతిలో క్యారేజీ మూత ఉంది.

ఇంకోటి కూడా చెప్పి ఊరుకుంటాను. 1991లో నేను సూపరింటెండెంటునయ్యాక నా బల్ల మీదా ఒక బెల్లు పెట్టారు. నొక్కితే టంగుమనే ఇత్తడిది. మొదటి వారం మోగుతోందో లేదో చూద్దామని నొక్కేవాణ్ణి. మంచినీళ్ళ కూజా నాకు రెండడుగుల దూరంలోనే ఉండేది. అయినా నొక్కేవాణ్ణి. అటెండరు పోయాక వాళ్ళబ్బాయికి కారుణ్య నియామకం కింద ఉద్యోగమిచ్చారు. అదే స్టూలు. అదే బెల్లు.

సరే, ఇది వదిలేద్దాం. మీ తరంలో నాకు నచ్చనిది వేరే ఉంది. ఉద్యోగం చొక్కా మార్చినట్టు మారుస్తారు. ఇక్కడ బాలేదని అక్కడ, అక్కడ బాలేదని ఇంకోచోట. మాకు ఉద్యోగమంటే పెళ్ళితో సమానం, బాగున్నా బాగులేకపోయినా అదే. 1983లో మన రాష్ట్రంలో ఉన్నట్టుండి రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకి దించేశారు, గుర్తుందా? మీరు పుట్టలేదులే. మా హెడ్ గుమాస్తాగారికి అప్పటికి యాభై ఆరు. నెల తిరక్కుండా దండ వేసి, శాలువా కప్పి, ఇంటికి పంపేశాం. మర్నాడు పదిన్నరకి ఆయన క్యారేజీ పట్టుకుని వచ్చి క్యాంటీన్లో కూర్చున్నాడు! ఆ మర్నాడూ వచ్చాడు. చాలా రోజులు అలా వచ్చేవాడు. నడక మాత్రం మారిపోయింది. ఎప్పుడూ పరుగులాంటి నడక ఆయనది, అలాంటిది గేటు నుంచి క్యాంటీన్ దాకా రావడానికి మూడుచోట్ల ఆగేవాడు.

మేము నవ్వుకునేవాళ్ళం. ఆ పుస్తకంలో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే పల్లె గురించి రాశారు. అక్కడ నూలుమిల్లు మూతపడి ఊరు ఊరంతా పని లేకుండా పోతే, మేరీ యహోదా, ఇంకో ఇద్దరు కలిసి వెళ్ళి పరిశోధన చేశారు. 1933లో పుస్తకంగా వచ్చింది. వాళ్ళేం కొలిచారో తెలుసా? కిటికీ దగ్గర గడియారం పట్టుకుని, వీధిలో పోయే మనుషుల నడక. పని పోయిన మగవాళ్ళు మెల్లగా నడుస్తున్నారు, దారిలో మాటిమాటికీ ఆగుతున్నారు. పనుంటే ఒత్తిడి అంటారు, పని లేకపోతే కాళ్ళు పడిపోతాయంటారు, ఈ మానసిక శాస్త్రజ్ఞులకి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో అర్థం కాదు. నా నడక సంగతి మీరడక్కండి. నాది మోకాళ్ళ నొప్పి.

మళ్ళీ మనవరాలి దగ్గరికొద్దాం. మొన్నో శుక్రవారం సాయంత్రం దానికి "ఒత్తిడిని జయించడం ఎలా" అని గంటన్నర ఆన్‌లైన్ క్లాసు పెట్టారు. హాజరు తప్పనిసరి. తెర మీద ఒకాయన కళ్ళు మూసుకోండి, సముద్రాన్ని ఊహించుకోండి అంటున్నాడు. పిల్ల సముద్రాన్ని ఊహించుకుంటూనే వేళ్ళతో టకటకా ఏదో కొడుతోంది. క్లాసు వల్ల ఆగిపోయిన పని పూర్తయ్యేసరికి రాత్రి పదిన్నర.

దీని గురించి మనవడికి ఫోన్ చేసి మరీ దెప్పాను. వాడు తడుముకోకుండా చెప్పాడు. 2024లో ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే ఆయన బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది జవాబులు తిరగేసి చూశాడట. ధ్యానం క్లాసులకీ, తట్టుకునే శక్తి పెంచే శిక్షణలకీ, ఆప్‌లకీ వెళ్ళినవాళ్ళ క్షేమం, వెళ్ళనివాళ్ళ క్షేమం పక్కపక్కన పెడితే వెళ్ళినవాళ్ళకి ఒరిగిందేమీ కనపడలేదు. స్వచ్ఛంద సేవ చేసినవాళ్ళకి మాత్రం కాస్త నయంగా తేలిందట. "నేను చెప్పలేదూ!" అని ఫోన్లోనే తొడ కొట్టాను. "తాతయ్యా, ఒత్తిడి లేదని కాదు ఆయనన్నది. మనిషికి క్లాసు పీకడం మాని, పనిని బాగుచెయ్యమని" అన్నాడు వాడు. నాకు అర్థమయింది. కానీ తొడ కొట్టినవాడు వెనక్కి తగ్గితే ఏం బాగుంటుంది? మాట సరిగ్గా వినపడ్డం లేదని ఫోను పెట్టేశాను.

మా రోజుల్లో ఈ గొడవే లేదు. అయిదు కొడితే ఫైలుకి ట్యాగు కట్టి, బీరువాకి తాళం వేసి, సైకిలెక్కడమే. ఇంట్లో ఫోను లేదు. ఆఫీసరు ఎంత గింజుకున్నా పొద్దున్న పదిన్నర దాకా గుమాస్తా దొరకడు. సబీన్ సొనెన్‌టాగ్ అని జర్మనీ ఆవిడ పని అయ్యాక మనసుని పని నుంచి విడదీసుకోవాలి, అప్పుడే మనిషి తేరుకుంటాడు అని ఏళ్ళ తరబడి పరిశోధించి చెప్పిందట. మాకు తాళంచెవి చెప్పింది ఆ సంగతి. మరి నిద్దట్లో ఆ నాలుగు వందల పన్నెండు ఏమిటంటారా? మా ఆవిడ సాక్ష్యం ఇదివరకే అయిపోయింది, మళ్ళీ పిలవక్కర్లేదు.

మా ఇంట్లో పాల లెక్క రాసే క్యాలెండరు ఒకటుంది. దాని మీద తారీకుల పక్కన నెల రోజులుగా వేరే అంకెలు కూడా పడుతున్నాయి, పెన్సిల్తో. మా ఆవిడ మొన్న చూసి "పాలవాడు రోజుకి పదకొండు ఎప్పుడు పోశాడు?" అంది. అవి లీటర్లు కాదు, పిల్ల పనిచేసిన గంటలు. వారానికి 35-40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ అని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్క చెప్పాయి. ఎక్కువ గంటల పని వల్ల 2016 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద 7,45,000 మంది పోయారని అందులోనే ఉంది. పోయిన వారం పిల్లది 57. ట్రెజరీలో చేసినవాణ్ణి, కూడికలో తప్పు చెయ్యను, మూడుసార్లు కూడాను.

దానికి చెప్పలేదు. చెప్తే "మీ రోజుల్లో మార్చిలో ఎన్నయ్యేవి తాతయ్యా" అంటుంది.

మార్చి 31 రాత్రి ఒంటిగంట దాటాక మెలకువ వచ్చింది. ఏటా వస్తుంది, ఇదేం కొత్త కాదు. నీళ్ళు తాగుదామని హాల్లోకి వెళితే పిల్ల సోఫాలో కాళ్ళు మడుచుకుని, లాప్‌టాప్ వెలుగులో, ఎవరో తెల్లదొరకి ఓకే ఓకే అంటోంది. కాలు అయ్యాక "ఏం తాతయ్యా, నిద్ర పట్టలేదా?" అంది.

"టోకెన్లు టాలీ అవలేదు" అన్నాను.

నవ్వింది. మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చాను, నేనూ తాగాను. ఇంతలో ఫోను టింగుమంది. ఏడాది ఆఖరు కాబట్టి అర్ధరాత్రి కూడా అడుగుతున్నారు కాబోలు. "ఇవాళ నువ్వు నొక్కు తాతయ్యా" అని నా ముందు పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని అయిదు మొహాల్నీ చూశాను. చాలాసేపే చూశాను. మధ్యలో పసుపుది నొక్కబోయి ఆగి, ఆకుపచ్చదే నొక్కాను.

"అదేంటి, నిద్ర లేచొచ్చి ఇంత సంతోషంగా ఉన్నావా?"

"ఎర్రది నొక్కితే మెమో వస్తుందేమోనని."

పిల్ల ఈసారి నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "నేనూ అందుకే తాతయ్యా" అంది.